జిగురు సరే, కడిగిన నీళ్ళెక్కడికి?

ఈ మధ్య మా ఆఫీసు వాట్సాప్ గ్రూపులో ఒక ఫార్వార్డు తెగ తిరుగుతోంది. మస్సెల్ అనే ఆల్చిప్ప లాంటి జీవి సముద్రంలో అలలు కొడుతున్నా బండని వదలదట, దాన్ని చూసి సైంటిస్టులు తడిలోనూ అంటుకునే జిగురు చేస్తున్నారట. కింద మనవాళ్ళ ఉత్సాహం: "కందిలో ఐఐటీ ఉంది, పక్కనే పటాన్‌చెరు ఉంది, ఇక్కడే మొదలెట్టేస్తే పోలా!"

అయ్యా, కాస్త ఆగండి.

ఆ జిగురు గుట్టు 1981లో హెర్బర్ట్ వెయిట్ పట్టుకున్నాడు. మస్సెల్ ప్రోటీన్లలో డోపా అనే అమైనో ఆమ్లం దండిగా ఉంటుంది, తడి రాతిని పట్టుకునేది ముఖ్యంగా అదే. ఇది మనకి కొత్తేం కాదు. పార్కిన్సన్స్ జబ్బుకి వాడే లీవోడోపా ఇదే. ముట్టుకుంటే దురద పుట్టించే మన దూలగొండి గింజల్లో ఇది ఉందని 1937లోనే దామోదరన్, రామస్వామి తేల్చారు. దూలగొండి కందికి చుట్టమే (పప్పుకి, ఊరికి కాదు). ఇంతవరకూ నేనూ మీ పార్టీయే.

నా పేచీ ఆ తర్వాత. మస్సెల్ తన జిగురుని ఉప్పునీళ్ళలో, మామూలు వేడి దగ్గర, కొద్ది నిమిషాల్లో చేసేసుకుంటుంది. మనం కాపీ కొట్టేది దాని అణువుని, పద్ధతిని కాదు. మన పద్ధతి అంటే రియాక్టర్లు, సాల్వెంట్లు, చివరికి కడిగిన నీళ్ళు.

ఆ నీళ్ళ సంగతి పటాన్‌చెరుకి తెలిసినంతగా ఇంకెవరికి తెలుసు? అక్కడి ఉమ్మడి శుద్ధి కేంద్రం *శుద్ధి చేసి* వదిలిన నీళ్ళలో లీటరుకి 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లాక్సాసిన్ ఉందని 2007లో స్వీడన్‌కి చెందిన లార్సన్ బృందం ప్రకటించింది. మందు మింగిన రోగి రక్తంలో కూడా అంత ఉండదు. అప్పట్లో ఆ నీళ్ళు ఇసకవాగు, నక్కవాగుల మీదుగా మంజీర దారి పట్టేవి. ఆ మందు కూడా ప్రాణాలు నిలపడానికి చేసిందే మరి!

"అయితే అభివృద్ధి వద్దంటావా?" అని మీదపడకండి. ఒరెగాన్‌లో కైచాంగ్ లీ కూడా మస్సెల్‌నే చూశాడు. చూసి, సోయాపిండితో ప్లైవుడ్ జిగురు చేసి, అందులోంచి ఫార్మాల్డిహైడ్‌ని తప్పించాడు. కాపీ అంటే అదీ.

కోడ్ రాసేటప్పుడు మెమరీ లీక్ ఉంటే రిలీజ్ ఆపేస్తాం కదా. వాగులోకి లీకైతే మాత్రం అది మన మాడ్యూల్ కాదా? ఆ ఒక్క ప్రశ్నకి జవాబుంటే చెప్పండి, మొదటి ఫార్వార్డు నేనే కొడతాను.