సోసెన్‌స్కోయె ఎక్కడికి పోయింది?

మీరెక్కడుంటారని ఎవరైనా అడిగితే నేను "మాస్కో, కొమ్మునార్కా" అంటాను. మా ఎదురు వీధిలో సోవియట్ కాలపు అయిదంతస్తుల ఇంట్లో ఉండే బామ్మగారు మాత్రం ఇప్పటికీ "సోసెన్‌స్కోయె" అంటారు. ఇద్దరం చెప్పేది ఒకే చోటు. తేడా ఏమిటంటే, ఆవిడ చెప్పే పేరుతో ఇప్పుడు ఏ ఆఫీసూ లేదు. (బామ్మగారని ఇక్కడ రాస్తున్నాను గానీ, ఎదురుపడితే పేరూ తండ్రి పేరూ కలిపి పిలవాలి. వీళ్ళ 'గారు' అదే.)

సోసెన్‌స్కోయె అనేది ఒక ఊరు కాదు. కొన్ని పల్లెల్ని కలిపి చేసిన గ్రామీణ పాలనా ప్రాంతం. మన గ్రామ పంచాయతీ కంటే పెద్దది, మండలం కంటే చిన్నది అనుకోండి. మాస్కో చుట్టూ ఉన్న రింగురోడ్డు దాటి నైరుతి దిక్కుగా, కలూగా వెళ్ళే పాత రహదారి పక్కన ఉండేది. దాని పేరు సోసెన్కా అనే చిన్న ఏటి నుంచి వచ్చింది. ఆ ఏరు దెస్నాలో కలుస్తుంది, దెస్నా పఖ్రాలో, పఖ్రా మాస్క్వా నదిలో. 'సోస్నా' అంటే పైన్ చెట్టు.

నేను చదివింది బాటనీ కాబట్టి ఇక్కడి పేర్లు నాకు భలే ఇష్టం. 2019 జూన్‌లో మా దాకా మెట్రో వచ్చింది. అప్పుడు తెరిచిన స్టేషన్లలో ఒకటి ఓల్ఖోవయా. 'ఓల్ఖా' అంటే ఆల్డర్ చెట్టు, నీళ్ళు నిలిచే నేలల్లో పెరుగుతుంది. మన చిక్కుడు జాతి మొక్కల్లాగే దాని వేళ్ళకీ బుడిపెలుంటాయి, గాలిలోని నైట్రోజన్‌ని పట్టి ఇస్తాయి. బాక్టీరియా మాత్రం వేరు. దానికి ముందు ఫిలాతొవ్ లుగ్, 'లుగ్' అంటే పచ్చిక బయలు. మధ్యలో ప్రోక్షినో, అది పాత పల్లె పేరు. ఇప్పుడు ఆకాశానికి ఎగిరిన అపార్టుమెంట్ల కింద ఏ నేల ఉందో మెట్రో మ్యాపు చూస్తే తెలిసిపోతుంది. అన్ని పేర్లూ ఇంత అందంగా ఉంటాయనుకోకండి, 'గ్యాస్ పైపులైను' అని అర్థం వచ్చే పల్లె కూడా ఉందిక్కడ!

ఇక ఆఫీసుల సంగతి. జార్ల కాలంలో ఇదంతా మాస్కో గుబెర్నియాలో, పదోల్స్క్ ఉయెజ్ద్ కింద ఉండేది. ఉయెజ్ద్ అంటే తాలూకా లాంటిది. 1929లో మాస్కో ఒబ్లాస్ట్, దానికింద రయోన్లు వచ్చాయి. పల్లెలకి 'సెల్‌సోవియట్' ఉండేది, అంటే గ్రామ సోవియట్. 1994లో ఆ పేరు తీసేసి 'గ్రామీణ ఒక్రుగ్' అన్నారు. 2003లో స్థానిక స్వపరిపాలన చట్టం వచ్చి 2006 నుంచి అమలైంది. దాంతో లెనిన్‌స్కీ రయోన్‌లో 'సోసెన్‌స్కోయె గ్రామీణ పాలనా ప్రాంతం' ఏర్పడింది. 2012 జూలై 1న మాస్కో నగరం ఒక్కసారిగా నైరుతి వైపు చాచుకుని దాదాపు రెండున్నర రెట్లయింది. సోసెన్‌స్కోయె అందులోకి వెళ్ళి, 'గ్రామీణ' అనే మాట వదిలేసింది. 2024లో దాన్నే రద్దు చేసి, పక్కవాటితో కలిపి కొమ్మునార్కా జిల్లా చేశారు. ఇంత మారినా బామ్మగారు ఇల్లు మారలేదు. తాలూకాలో పుట్టి, 1985 తర్వాత మండలంలోకి వచ్చి, ఇప్పుడు కొత్త జిల్లాలో ఉన్న మన అమ్మమ్మలకి ఇదేం కొత్త కాదు లెండి.

కొమ్మునార్కా అనే మాట స్త్రీలింగం. కమ్యూన్‌కి చెందిన ఆడమనిషి అని అర్థం. 1920లలో సోవియట్ రహస్య పోలీసు శాఖకి పాలూ కూరగాయలూ పండించే ప్రభుత్వ వ్యవసాయ క్షేత్రానికి పెట్టిన పేరది. పక్కనే అడవిలో ఆ శాఖ అధిపతి యగోదా విడిది ఉండేది. 1937లో ఆయన్ని అరెస్టు చేశారు. ఆ ఏడాది నుంచి 1941 దాకా, కాల్చి చంపిన వాళ్ళని ఆ విడిది ఆవరణలోనే పాతిపెట్టారు. బుఖారిన్ కూడా ఇక్కడే ఉన్నాడు. 2018లో కట్టిన గోడ మీద 6,609 పేర్లున్నాయి. నేను రెండుసార్లు వెళ్ళాను. మన హైదరాబాదులో పుట్టిన వీరేంద్రనాథ్ చట్టోపాధ్యాయ, సరోజినీ నాయుడి తమ్ముడు, అదే 1937 సెప్టెంబరులో మాస్కోలోనే కాల్చివేతకి గురయ్యారు. అది తెలిసి వెళితే ఆ గోడ ముందు నడక దానంతటదే నెమ్మదవుతుంది. బామ్మగారి చిన్నప్పుడు ఆ కంచె వైపు పోవద్దని మాత్రం చెప్పేవారట, ఎందుకో చెప్పేవారు కాదట. 1990ల చివర్లో గానీ జనాన్ని లోపలికి రానివ్వలేదు.

అందుకే నాకు ఈ కొత్త పేరు మింగుడుపడటం లేదు. ఏటి పేరు తీసేసి, ఈ పేరుని జిల్లా మొత్తానికి పెట్టారు. బామ్మగారి బాధ మాత్రం పేరు గురించి కాదు. మెట్రో ఆవిడకీ ఇష్టమే. 2014లో తెరిచిన ఫుడ్ సిటీ హోల్‌సేల్ మార్కెట్టు మా ఇద్దరికీ ఇష్టమే, కొత్తిమీర కట్టలు అక్కడే కొంటాం. పోయింది కౌన్సిల్ గురించి ఆవిడ దిగులు. సోసెన్‌స్కోయెకి ఎన్నికైన కౌన్సిలూ, సొంత బడ్జెటూ ఉండేవి. వీధి దీపాలూ, ఇళ్ళ మధ్య రోడ్లూ వాళ్ళే చూసుకునేవారు. మాస్కోలో కలిసిన పన్నెండేళ్ళూ ఆ హక్కులు చాలావరకు నిలిచాయి. ఇప్పుడవి నగర మేయరు కింద పనిచేసే 'ఉప్రవా' అనే జిల్లా ఆఫీసుకి వెళ్ళాయి.

మొన్న చలికాలం వాళ్ళ మెట్ల ముందు దీపం ఆరిపోయింది. ఒకప్పుడైతే ఆవిడ నడుచుకుంటూ వెళ్ళి, తను ఓటేసిన మనిషి బల్ల ముందు కూర్చుని లేచేవారు కాదు. ఈసారి మనవడు ఫోన్లో ఫిర్యాదు పెట్టాడు. మూడు రోజుల్లో దీపం వెలిగింది.

"బానే వేశారు కదండీ" అన్నాను.

"వేశారు. ఎవరేశారు?" అన్నారావిడ.