ఇంటి కంప్యూటరునకు తాళము



గత మాసమున మా యింటి కంప్యూటరు చెడిపోగా మరమ్మతు దుకాణమునకు బంపితిమి. మా వారు ఉపాధ్యాయు లగుటచే ప్రశ్నపత్రములు, మార్కుల పట్టికలు అందే యుండును. నా చెల్లెలు తన యత్తవారింటి కష్టములను దెలుపుచు వ్రాసిన యుత్తరములను గూడ నేనందే దాచితిని. పాస్‌వర్డు కలదు గదా యని నిశ్చింతగా నుంటిని. మూడవనాడు దుకాణపు కుఱ్ఱవాడు యంత్రమును దెచ్చి, "భయం లేదమ్మగారూ! మీ ఫైళ్లన్నీ బాగున్నాయి, నేనే తెరిచి చూశాను" అనెను. నా గుండె ఝల్లుమన్నది. వాడు మమ్ము పాస్‌వర్డు అడుగనే లేదు! డిస్కును బయటకు దీసి వేఱొక కంప్యూటరునకు దగిలించెనట.

ఈ సంగతి విని పొరుగింటి కాలేజీ విద్యార్థి, "పిన్నిగారూ! సర్వరు సిస్టం వేయించండి, అది గట్టిది" అని చెప్పెను. మా వారు సరే యనిరి. నాకు మాత్రము దాని వెల వినగానే సందేహము పుట్టినది. (వెల విన్నప్పుడే నా బుద్ధి చురుకుగా పనిచేయునని మా వారి పరిహాసము.)

విచారింపగా దెలిసిన దేమనగా, డెస్కుటాపు సిస్టము ఎదుట గూర్చున్నవారికి బరిచర్య చేయును. సర్వరు సిస్టము దూరముననున్న పలువురకు రేయింబవళ్లు ఫైళ్లందించును. పని వేఱు, మూలమొక్కటే. 1993లో వెలువడిన విండోసు ఎన్‌టీ ఈ రెండు రూపములతోను వచ్చినది. విండోసు 98లో పాస్‌వర్డు అడిగినపుడు "క్యాన్సిల్" నొక్కినను లోనికి బోవచ్చును! 2001లో ఎక్స్‌పీతో ఎన్‌టీ మూలము సామాన్య గృహములకును వచ్చినది. కావున ఏ ఫైలు ఎవరిదో, ఎవరు చూడవచ్చునో నిర్ణయించు శక్తి మన యింటి యంత్రమునకును గలదు. మేమే దానిని వాడుకొనలేదు. నలుగురమును ఒకే ఖాతాలో, అదియు సర్వాధికారములు గల అడ్మినిస్ట్రేటరు ఖాతాలో మెలగుచుంటిమి. ఇప్పుడు ఎవరి ఖాతా వారిది. అడ్మినిస్ట్రేటరు ఖాతా వేఱుగా నున్నది.

అయినను ఈ కట్టుబాట్లన్నియు సిస్టము కావలి యున్నంతవఱకే. పెట్టెనే యెత్తుకొనిపోవువానిని వాకిటి కావలివాడేమి చేయగలడు? సర్వరుకైనను ఇదే గతి. డిస్కులోని యక్షరములనే గూఢలిపిగా మార్చుట యొక్కటే దీనికి మందు. మా విండోసు "ప్రో" రకమగుటచే బిట్‌లాకరు అందే కలదు, వేఱుగా గొననక్కఱలేదు. "హోం" రకము గల పెక్కు క్రొత్త యంత్రములలో డివైసు ఎన్‌క్రిప్షను అను పేర నిట్టిదే యుండును. లినక్సువారు సిస్టమును వేయునప్పుడే దీనిని గోరవచ్చును. ఐతే యంత్రము తెఱచియుండగా లేచిపోయినచో గూఢలిపి కాపాడదు. విండోసు మీటను, ఎల్ అక్షరమును గలిపి నొక్కి లేవవలెను.

బిట్‌లాకరు 48 అంకెల తాళమొకటి యిచ్చును. యంత్రము మొరాయించినపుడు అది లేనిచో మన ఫైళ్లు మనకే దక్కవు. దానిని ఆ కంప్యూటరులోనే దాచుట పెట్టెలో తాళపుచెవి నుంచి పెట్టెకు తాళము వేసినట్లే.

జరిగినదంతయు చెల్లెలికి ఫోనులో జెప్పితిని. చాలసేపు పలుకలేదు. ఉత్తరములు తుడిచివేయుమనునేమో యనుకొంటిని. "ఉండనీ అక్కా, ఎప్పటికైనా అక్కరకొస్తాయి. ఆ అంకెల కాగితం ఇంకొకటి రాసి అమ్మ దగ్గర పెట్టు" అన్నది. మొన్న పుట్టింటికి బోయి అమ్మ భోషాణములో, పట్టుచీరల యడుగున ఉంచి వచ్చితిని.