మా పెట్ట ఏది, మీ పెట్ట ఏది?



ఈ నెల పెరటి కోళ్లను గూర్చి వ్రాయుచున్నాము. ఇది సంఘ పత్రికలో వ్రాయదగిన సంగతియా అని ఎవరైనా అడుగవచ్చును. పల్లెలో కాపరిగా పని చేసినవారు మాత్రము అడుగరు. మన కర్నూలు, కడప సీమలో వానను నమ్ముకొని విత్తనము వేసి, పంట చేతికి రాని ఏడాది పిల్లల నోటుపుస్తకములకు, బస్సు చార్జీలకు ఆదుకొనునది ఇంటి తల్లి కోడిని, గుడ్లను అమ్మిన సొమ్మే. అట్టి పెట్ట ఒకటి సాయంకాలము ఇల్లు చేరక పక్కింటి గంప క్రింద కనబడినయెడల మాటకు మాట పెరుగును. ఆడవారి మాట మగవారికి చేరును. తరువాతి ఆదివారము ప్రభువు బల్లయొద్దకు ఆ రెండిండ్లలో ఒక ఇంటివారు రారు. ఇట్టి తగవులు తీర్చుటకు మేము అనేక పర్యాయములు వెళ్లవలసి వచ్చినది.

పూర్వము నాటుకోళ్లలో నల్ల పెట్ట, ఎర్ర పెట్ట, బొల్లి పెట్ట, బోడమెడ పెట్ట అని పేరు పెట్టి పిలిచెడివారు. ఇప్పుడు హైదరాబాదులోని కోళ్ల పరిశోధన సంస్థ రూపొందించిన వనరాజా, గ్రామప్రియ వంటి రకములు పల్లెలకు వచ్చినవి. వీధిలో పది ఇండ్లవారు ఒకే దినమున పిల్లలను తీసికొందురు. అన్నియు ఒకే ఈడువి, ఇంచుమించు ఒకే పోలికవి. ఇక ఏది ఎవరిదో ఎట్లు తెలియును?

ద్వితీయోపదేశకాండము 22వ అధ్యాయములో తప్పిపోయిన ఎద్దును, గొఱ్ఱెను, గాడిదను సహోదరునికి అప్పగించుమని ఆజ్ఞ ఉన్నది. కోడి పేరు అక్కడ లేదు గాని, సహోదరుడు పోగొట్టుకొన్నది ఏదైనను అన్నప్పుడు కోడియు చేరినట్లే. అయితే అప్పగించుటకు ముందు అది అతనిదని తెలియవలెను గదా! యాకోబు లాబానుతో జీతము మాటలాడుకొన్నప్పుడు మచ్చలు, పొడలు గలవి తనవని ముందే చెప్పుకొన్నాడు. గుర్తు అందరికి కనబడునది, గొఱ్ఱెకు నొప్పి కలిగింపనిది.

మన ఊళ్లలో కొందరు పెట్టు గుర్తులు అట్టివి కావు. గుర్తుకొరకు కోడిపిల్ల వేలి కొసను కత్తిరించు అలవాటు కొన్నిచోట్ల ఉన్నది. దానిని విడిచిపెట్టుడని బతిమాలుచున్నాము. రక్తము చూచిన తోటి కోళ్లు అక్కడనే పొడుచును, పుండు చీము పట్టును. కాలికి దారము, చీర పేలిక కట్టుట చూచుటకు మెత్తని పనివలె తోచును గాని అంతకంటె మోసకరమైనది. పిల్ల దినదినము పెరుగును, దారము పెరుగదు. కొద్ది వారములలో అది కండలోనికి దిగి, కాలు వాచి, వేళ్లు నల్లబడును. పేలిక తుమ్మకంపలో తగులుకొన్నయెడల కోడి అక్కడనే వ్రేలాడి కుక్క పాలగును. తలుపులకు వేయు రంగులును పూయరాదు. కోడి తన ఈకలను ముక్కుతో దువ్వుకొనునప్పుడు ఆ విషము కడుపులోనికి పోవును.

మంచిది ప్లాస్టిక్ ఉంగరము. కోళ్ల దాణా, సామాను అమ్ము దుకాణములలో రంగురంగులవి దొరకును. అది కాలిమీద పైకి క్రిందికి సులువుగా కదలవలెను, పాదము మీదుగా జారిపోరాదు. ఎదుగు పిల్లలకు వారమునకు ఒకసారి చూచి, బిగియకముందే పెద్దది మార్చవలెను. రాత్రి గూటిలో కోళ్లు నిమ్మళముగా ఉన్నప్పుడు ఈ పని తేలిక. ఉంగరము పట్టని చిన్న పిల్లలకు గోళ్లమీద గోళ్లరంగు వేసి, ఆరిన తరువాత విడువుడి. అరిగినప్పుడు మరల వేయవలెను. అయితే ఎరుపు వద్దు. రక్తమనుకొని తోటివి పొడుచును. లేతరంగు కోళ్లకు మిఠాయిలో కలుపు ఆకుపచ్చ రంగు రెక్కమీద కొంచెము రాయవచ్చును. నల్ల పెట్టకు రాసి కనబడలేదని మమ్మును అడుగవద్దు!

ఉంగరములు కొనకముందే వీధిలోని తల్లులు ఒక గంట కూర్చుండి, ఏ ఇంటికి ఏ రంగు అని ఒప్పందము చేసికొనుడి. ఈ మాట సంఘమువారికి మాత్రమే కాదు, పొరుగున ఉన్న అందరితోను చేసికొనవలెను. కోడికి మతము తెలియదు, ఏ గూడు తెరచియుంటే ఆ గూటిలో దూరును. ఎడమ కాలు ఇంటి గుర్తుకు ఉంచుకొని, కుడి కాలు టీకా గుర్తుకు విడువుడి. కొక్కెర తెగులు సోకి మెడ మెలిపడిన పిమ్మట దానికి మందు లేదు. ఎనిమిది వారముల ఈడున వేయు ఆర్-టు-బి టీకాయే ఆధారము. ఏ పెట్టకు వేసినదియు తెలియక, రెండు మూడు తప్పిపోయి, వాటినుండి తెగులు వీధికంతటికి ప్రాకుట కలదు.

మరియొక మాట. కోతపండుగ వేలమునకు ఒక కోడిని ఇచ్చెదమని మన తల్లులు ముందుగానే దేవునికి మ్రొక్కుకొందురు. మ్రొక్కిన దినమున అది బలిసిన పెట్ట. పండుగనాటికి గుడి ముంగిటికి వచ్చునది ఎందుచేతనో బక్కచిక్కిన పుంజు! మ్రొక్కుకొన్న సాయంకాలమే దాని కాలికి తెల్ల ఉంగరము తొడుగుడి. మీ వీధిలో తెలుపు మరి ఏ ఇంటికిని ఇయ్యవద్దు.