ఎవరి నమూనా, ఎవరి సాక్ష్యం?

మూత్ర పరీక్షలో మాదకద్రవ్యం కనబడిందంటే ఇక మాట్లాడటానికి ఏమీ మిగలదని చాలామంది అనుకుంటారు. స్త్రీ చెప్పే ప్రతి మాటనూ సందేహించే సమాజం ఆ కాగితాన్ని మాత్రం ప్రశ్నించకుండా నమ్మేస్తుంది. ఈ నమ్మకం ఎవరిని జైలుకు పంపిందో చూద్దాం.

అమెరికాలో దక్షిణ కరొలినా రాష్ట్రంలోని చార్లెస్టన్‌లో ఒక ప్రభుత్వ వైద్య విశ్వవిద్యాలయం ఉంది. 1989లో దాని ఆసుపత్రి, పోలీసులు, ప్రాసిక్యూటరు కలిసి ఒక విధానం తయారుచేశారు. గర్భంతో ఉండగా డాక్టరుకు చూపించుకోని వాళ్లు, ఆలస్యంగా వచ్చినవాళ్లు, నెలలు నిండకుండా నొప్పులొచ్చినవాళ్లు - ఇలాంటివారి మూత్రంలో కొకెయిన్ ఉందేమో చూడాలి. ఉంటే పోలీసులకు చేరవేయాలి. డాక్టరు దగ్గరకు రాలేకపోవడానికి చాలాసార్లు పేదరికమే కారణమని ఎవరికి తెలియదు? అరెస్టయిన 30 మందిలో 29 మంది నల్లజాతి స్త్రీలు. కొందరిని కాన్పయిన కొద్దిసేపటికే సంకెళ్లు వేసి తీసుకుపోయారు.

నమూనా ఎవరి చేతినుంచి ఎవరి చేతికి వెళ్లిందో నమోదు చేయాలని కూడా ఆ విధానంలో ఉంది. వైద్యానికి అంత పకడ్బందీ అవసరం లేదు, కోర్టులో సాక్ష్యానికే కావాలి. అంటే నర్సు చేతిలోని సీసా మొదటినుంచీ పోలీసుల సీసానే. పదిమంది స్త్రీలు న్యాయపోరాటం చేశారు. నేరవిచారణ కోసం సమ్మతి లేకుండా ఇలా పరీక్షించడం రాజ్యాంగ విరుద్ధమని 2001 మార్చిలో అమెరికా సుప్రీంకోర్టు తీర్పిచ్చింది.

ఇక పరీక్ష విశ్వసనీయత సంగతి. మొదట చేసే చవక పరీక్ష ఒక పదార్థాన్నీ, దాన్ని పోలిన మరొకదాన్నీ కచ్చితంగా వేరుచేయలేదు. గర్భిణులకు రక్తపోటు తగ్గడానికిచ్చే లాబెటలాల్ మాత్ర వల్ల కూడా ఆంఫెటమిన్ ఉన్నట్టు చూపించవచ్చు. గ్యాస్ క్రొమటోగ్రఫీ-మాస్ స్పెక్ట్రోమెట్రీ వంటి రెండో పరీక్షతో ఈ పొరపాటు బయటపడుతుంది. అన్నిసార్లూ అదీ చాలదు. మనం కూరల్లో నూరివేసే గసగసాల్లో నిజంగానే కొద్దిగా మార్ఫిన్ ఉండవచ్చు. రెండో పరీక్ష కూడా మార్ఫిన్ ఉందనే చెబుతుంది, అది కూరలోంచి వచ్చిందని చెప్పలేదు. అందుకే 1998లో అమెరికా ప్రభుత్వం ఉద్యోగుల పరీక్షల్లో పరిమితిని మిల్లీలీటరుకు 300 నానోగ్రాముల నుంచి 2,000కు పెంచింది. ఆసుపత్రులకు ఆ నియమం వర్తించదు. అక్కడ కాన్పుకు వెళ్లే మన తెలుగు అమ్మాయికి ఇది దూరపు సంగతి కాదు.

నన్ను ఎక్కువగా కలవరపెట్టేది ‘తారుమారు’ అనే మాట. నమూనా మారుస్తారన్న అనుమానంతో సీసా వేడి కొలుస్తారు, కొన్నిచోట్ల మూత్రం పోస్తుంటే ఎదురుగా నిలబడి చూస్తారు. నీళ్లు ఎక్కువ తాగితే మూత్రం పల్చబడుతుంది, అదీ అనుమానమే. స్కానింగు కోసం నీళ్లు తాగి రమ్మనేదీ ఆసుపత్రే కదా!

మరి ప్రయోగశాలను ఎవరు కాపలా కాస్తారు? 2014 సోచి ఒలింపిక్స్‌లో రష్యా క్రీడాకారుల మూత్రం సీసాలను రాత్రిపూట ప్రయోగశాల గోడకున్న రంధ్రంలోంచి పక్కగదికి అందించి, మూతలు తీసి, శుభ్రమైన మూత్రంతో నింపారు. మెక్‌లారెన్ నివేదిక 2016లో దీన్ని బయటపెట్టింది. ఇద్దరు మహిళా హాకీ క్రీడాకారిణుల నమూనాల్లో పురుషుల డీఎన్‌ఏ ఉంది! ఇంత పెద్ద తారుమారు చేసింది ప్రయోగశాలా, ప్రభుత్వ యంత్రాంగమూ కలిసే.

ఇదంతా పరాయి దేశాల గొడవ అనుకోవద్దు. 2023 ఏప్రిల్‌లో మధ్యప్రదేశ్‌లోని దిండోరి జిల్లాలో ప్రభుత్వం జరిపించే సామూహిక వివాహాలకు వచ్చిన అమ్మాయిలకు గర్భపరీక్షలు చేశారని, కొందరిని జాబితా నుంచి తీసేశారని పత్రికల్లో వచ్చింది. వెతికింది మత్తుమందు కాదు గానీ, పద్ధతి అదే. స్త్రీని అడగరు, సీసాను అడుగుతారు.

పరీక్షలే వద్దని నేననను. ఆమెకు అర్థమయ్యే భాషలో చెప్పి, సమ్మతి తీసుకోవాలి. వాడుతున్న మందులేమిటో, తిన్నదేమిటో అడగాలి. రెండో పరీక్ష లేకుండా ఏ చర్యా తీసుకోకూడదు. నమూనాలో కొంత భాగాన్ని మరోచోట పరీక్షించుకునే హక్కు ఆమెకుండాలి. వైద్యం కోసం ఇచ్చిన మూత్రం పోలీసుస్టేషన్‌కు పోకూడదు. మన దగ్గరకు ఒక స్త్రీ ఇలాంటి కాగితం పట్టుకుని వస్తే, ముందు ఆ కాగితాన్ని కాదు, ఆమె చెప్పేది విందాం.