భూగర్భజలాల లెక్కలో మన పల్లె ఏదీ?

మా మాదిగపల్లె చేతిపంపు ఎండిపోయి మూడు ఎండాకాలాలయింది. పిలిస్తే పలికే దూరంలో ఊరి ఆసామి లోతు బోరు దింపినాక జరిగిన సంగతి ఇది. ఆయన చీనీతోట పచ్చగా ఉంది. మా ఆడోళ్లు ఆయన గట్టు మీద బిందెలతో నిలబడ్డారు. అర్జీ తీసుకొని ఆఫీసుకు పోతే, "మాస్టారూ, మీ మండలం సురక్షితం కింద ఉంది" అన్నారు. ఎవరికయ్యా సురక్షితం?

అన్నలారా, అక్కలారా, ఈ లెక్క ఎట్లా కడతారో మనకు తెలియాలి. తెలియకుంటే కాగితం చూపి నోరు మూయిస్తారు. వానలకు ముందొకసారి, పోయినాక ఒకసారి పరిశీలన బావుల్లో నీటిమట్టం చూస్తారు. ఎంత పైకొచ్చిందో దాన్ని నేల విస్తీర్ణంతో, రాయి నీళ్లు పట్టుకునే గుణంతో హెచ్చవేస్తారు. మన పెన్నా పరీవాహకంలో చాలాభాగం గట్టిరాతి నేల. 1997 నాటి కేంద్ర కమిటీ పద్ధతిలో, శిథిలమైన గ్రానైటు నేల మీద నూరుపాళ్ల వాన పడితే లోపలికి ఇంకేది 11 పాళ్లు. బంకమన్ను ఎక్కువుంటే 8. అట్లా చేరినదాంట్లో తోడింది 70 శాతం దాటకుంటే సురక్షితం. నూరు దాటితే మితిమీరిన వాడకం.

ఇంతవరకూ శాస్త్రమే, కాదనను. నేనూ బడిలో ఇదే చెప్తాను. మోసమంతా సగటులో ఉంది. ఆసామి గాదె, మన కుండ కలిపి కొలిచి అందరికీ తిండి ఉందన్నట్టు, మండలం మొత్తానికి ఒకటే అంకె! రాతినేలలో నీళ్లు చెరువులో మాదిరి పరుచుకొని ఉండవు, పగుళ్లలో ఉంటాయి. ఆ పగులు మీద ఎవరి బోరు లోతుకు దిగితే నీళ్లు వాళ్లవి. గుట్టవాలులో ఇచ్చిన మన అసైన్‌మెంటు చేనుకు ఏం మిగులుతుంది? నదికి ప్రణాళిక గీసేవాళ్లు చూసేది కూడా ఈ అంకెలే.

పైగా చట్టం ఆయన పక్షమే. 1882లో తెల్లదొరలు చేసిన ఈజ్‌మెంట్ల చట్టం, తన హద్దుల్లో భూమి అడుగునున్న నీళ్లు తోడుకునే హక్కు భూమిగలవాడికి ఇచ్చింది. భూమి లేనోనికి? 1927లో మహద్ చెరువు నీళ్లు తాగడానికి అంబేద్కర్ పోరాడాల్సి వచ్చింది. 1985లో కారంచేడులో, మేం తాగే చెరువును మురికి చేయొద్దన్నందుకు మొదలైన గొడవలో ఆరుగురు మాదిగలను చంపారు. ఇప్పుడు ముట్టొద్దని ఎవరూ అననక్కరలేదు, మోటారు స్విచ్చి వేస్తే చాలు. దీనికి మా తోటి టీచరొకాయన "నీళ్లకు కులమేంది సార్" అంటాడు. ఆయన ఇంట్లో రెండు బోర్లున్నాయి.

2002 నాటి వాల్టా చట్టం ఒక మాట చెప్తుంది: ప్రభుత్వ తాగునీటి వనరుకు 250 మీటర్ల లోపల అనుమతి లేకుండా బోరు వేయరాదు. మా పిల్లలతో టేపు పట్టించి కొలిపించాను. పంపు నుంచి ఆ బోరుకు 38 మీటర్లు! అనుమతి కాగితం చూపించమని రాతమూలంగా అడిగినాం. పరిశీలన బావి మట్టం పల్లె గోడ మీద రాయమనీ, ఎన్ని బోర్లు ఎవరి పొలాల్లో ఉన్నాయో లెక్కలో విడిగా చూపమనీ అడిగినాం. వచ్చే గ్రామసభకు టేపు కూడా తెస్తున్నాం.