క్యాంపస్ చీకటి: స్తంభాల లెక్కతో తీరని సమస్య

2017 సెప్టెంబర్ 21 సాయంత్రం బనారస్ హిందూ విశ్వవిద్యాలయంలో హాస్టల్‌కు తిరిగి వెళ్తున్న విద్యార్థినిని బైకుపై వచ్చినవారు వేధించారు. మర్నాడు ప్రధాన ద్వారం దగ్గర బైఠాయించిన అమ్మాయిలు అడిగినవాటిలో దారుల్లో దీపాలు కూడా ఉన్నాయి. 23 రాత్రి వారిపై లాఠీలు విరిగాయి. చాలినంత వెలుతురు ఉండాలని యూజీసీ నియమించిన సక్షమ్ కార్యదళం 2013లోనే చెప్పింది. అయినా మన విశ్వవిద్యాలయాల్లో దీపం ఏదైనా జరిగాక కొనే వస్తువుగానే మిగిలింది.

గొడవ చల్లార్చడానికి టెండరు పిలిస్తే తేలేది స్తంభాల సంఖ్య మాత్రమే. గేటు దగ్గర పెద్ద ఫ్లడ్‌లైటు వెలుగుతుంది, ఫొటోలో బాగుంటుంది. కానీ ఆ వెలుగుకు అలవాటుపడిన కంటికి పది అడుగులు దాటాక ఏమీ కనిపించదు. నడిచేవారికి కావలసింది వెలుగు తీవ్రత కాదు, దారి పొడవునా ఒకే తీరు వెలుతురు. ఎదురొచ్చే మనిషి ముఖం దూరం నుంచే తెలియాలి. వాహనాల కోసం ఎత్తున పెట్టిన దీపాల కాంతిని పాత క్యాంపస్‌లలో చెట్ల కొమ్మలే మింగేస్తాయి, కాలిబాట చీకట్లోనే ఉంటుంది. అక్కడ కొమ్మల కింద పొట్టి స్తంభాలు కావాలి. ఈ సంగతి పగలు ఆఫీసులో మ్యాపు చూస్తే తెలియదు. వానాకాలంలో చెట్లు గుబురెక్కినప్పుడు, లైబ్రరీ మూసే వేళకు విద్యార్థినులతో కలిసి హాస్టల్ దాకా నడవాలి. ఆరిపోయిన దీపం గురించి ఎవరికి చెప్పాలో, ఎన్నాళ్లలో బాగుచేస్తారో టెండరులోనే రాయాలి.

అలాగని క్యాంపస్ అంతా పట్టపగలులా మార్చనక్కర్లేదు. చెరువులు, రాళ్లగుట్టలు, జింకలు ఉన్న హైదరాబాద్ విశ్వవిద్యాలయం లాంటి చోట కిందికే పడేలా మూత ఉన్న పసుపు ఛాయ దీపాలు మేలు.

దీపమే రక్షణ కాదన్న వాదన నిజమే. 2023 నవంబర్‌లో అదే ప్రాంగణంలోని ఐఐటీ విద్యార్థినిపై అర్ధరాత్రి లైంగిక దాడి జరిగింది. అప్పుడు ముందుకొచ్చిన ఆలోచన రెండు సంస్థల మధ్య గోడ. అమ్మాయిల హాస్టల్‌కు త్వరగా తాళం వేయడం అంతకంటే చవక, అందుకే పాలకవర్గాలకు అది ముందు గుర్తొస్తుంది. 2017లో బనారస్ విద్యార్థినులు దీపాలతోపాటు హాస్టల్ వేళల్లో వివక్షనూ ప్రశ్నించారు. దారి చీకటిగా ఉన్నంతకాలం ఆ తాళానికి సాకు దొరుకుతూనే ఉంటుంది, రాత్రి లైబ్రరీ అబ్బాయిలకే మిగులుతుంది.