ఇరాన్ పట్టు, మన కూత
2025 ఆగస్టు 29న ప్రో కబడ్డీ 12వ సీజన్ విశాఖలో మొదలైంది. ఆ సీజన్ వేలంలో అందరికన్నా ఎక్కువ ధర పలికింది ఇరాన్ ఆటగాడు మొహమ్మద్‌రెజా షాద్లూయి, రూ.2.23 కోట్లు. ఇందులో నొచ్చుకోవాల్సిందేమీ లేదు. 1990 నుంచి ఆసియా క్రీడల స్వర్ణం మనదేనన్న ధీమాను 2018లో జకార్తా సెమీఫైనల్లో ఇరాన్ 27-18తో బద్దలుకొట్టింది. ఇరాన్ వాళ్ల పట్టులోని ఒడుపు మనవాళ్లు దగ్గరుండి నేర్చుకోవాల్సిందే. మా బాధల్లా మన జట్టు తెలుగు టైటాన్స్‌లో తెలుగు కుర్రాళ్లు వేళ్లమీద లెక్కపెట్టేంతమందే ఉండటం. ఉత్తరాంధ్ర పల్లెల్లో కూత ఆగలేదు. చాలామంది పిల్లలకు మాత్రం ఇంకా మట్టి నేలే గతి. విశాఖలో పోర్టుకూ ఉక్కు కర్మాగారానికీ స్టేడియాలున్నాయి. అక్కడ మ్యాట్లు పరిచి, మంచి కోచ్‌లను పెట్టి, ఆ పిల్లలను పిలవండి.